కొండింటి పుస్తకం

మా చెల్లెలు సిగ్నెకి చదవడం వచ్చు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఫిబ్రవరిలో స్కూలు నుంచి నాన్నకొచ్చిన ఉత్తరం చూస్తే ఎవరైనా ఆ పిల్లకి అక్షరాలే సరిగ్గా రావనుకుంటారు. తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్ళు, చదివి అర్థం చేసుకునే పరీక్షలో నిరుడు దాకా అయిదో మెట్టు మీదున్న పిల్ల ఇప్పుడు రెండో మెట్టుకి జారిపోయింది, సగం ప్రశ్నలు ముట్టుకోనైనా లేదు, ఏడాదిగా ఒక్క పుస్తకం పూర్తిచేసినట్టు ఎవరూ చూడలేదు, కాబట్టి తల్లిదండ్రులు ఇంట్లో చదువుకునే వాతావరణం కల్పించాలని కోరుతున్నాం, ఇట్లు తరగతి టీచరు. తల్లిదండ్రులు అని రాశారు గానీ ఇంట్లో ఉన్నది నాన్న ఒక్కడే. మా అమ్మ సీసెల్ ఉత్తరాన బోడో అనే ఊరికి వెళ్ళిపోయి ఏడాదిన్నర దాటింది.

మా నాన్న యోస్టైన్, ట్రోన్‌హైమ్ బస్సు డిపోలో మెకానిక్, మాట తక్కువ మనిషి. ఆ ఉత్తరాన్ని ఫోన్లో నాకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించి, "ఇప్పుడేం చెయ్యాలే మారెన్?" అన్నాడు. నన్ను అడిగితే ఇంకేముంది. నేను బెర్గెన్‌లో స్కూలు లైబ్రేరియన్ కోర్సు రెండో ఏడు చదువుతున్నాను, పెద్ద పిల్లల చేత పుస్తకాలు చదివించడం ఎలాగన్నదే నా ప్రాజెక్టు, ఆ విషయం మీద ఎవరు దొరికినా గంట సేపు వదలను, బస్‌స్టాపులో ముసలావిడ దొరికినా వదలను.

"ముందు నువ్వు చదవాలి నాన్నా."

"నేనెందుకు, నాకేమన్నా పరీక్షలున్నాయా?"

"నువ్వు టీవీ ముందు కూర్చుని దాన్ని పుస్తకం పట్టుకోమంటే ఎందుకు పట్టుకుంటుంది?"

"గేర్‌బాక్సు మాన్యువల్ చదివితే పనికొస్తుందా?"

"పనికొస్తుంది. ఏం చదివినా చదువే. బొమ్మల కథలైనా సరే, వంటల పుస్తకమైనా సరే. చదివాక ప్రశ్నలు అడగొద్దు, పరీక్ష పెట్టొద్దు. రోజూ ఒకే టైముకి ఇద్దరూ ఒకే గదిలో కూర్చోండి, ఫోన్లు దూరంగా పెట్టండి. పెద్దదైపోయిందని మానెయ్యక గట్టిగా చదివి వినిపించు."

నాన్న అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. పాపం, నిజంగానే రాసుకున్నాడు, ఆ కాగితం తర్వాత ఫ్రిజ్ మీద అంటించి ఉంది. నెల రోజులు రోజూ రాత్రి భోజనమయ్యాక మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాట్ట, సిగ్నె ఎదురుగా కూర్చుని గోడ గడియారం చూసేదట, సరిగ్గా ఇరవై నిమిషాలవగానే లేచి వెళ్ళిపోయేదట. "బస్సుల గురించి నాకు చాలా తెలిసింది, ఇంకేం మారలేదు" అన్నాడు మార్చిలో.

అప్పుడు నాకు ఈస్టర్ గుర్తొచ్చింది, ఇంతకాలం ఎందుకు తట్టలేదో అనిపించింది. ఈస్టర్‌కి మా దేశంలో ఊళ్ళు ఖాళీ అయిపోతాయి, అందరూ కొండల్లోని ఇళ్ళకి పోయి, మంచులో తిరిగి, నారింజలు ఒలుచుకుంటూ హత్య కథలు చదువుతారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు, అదంతే. ఆ వారం పాల డబ్బాల మీద కూడా చిన్న హత్య కథ అచ్చేస్తారు, పొద్దున్నే పాలు పోసుకుంటూ హంతకుడెవరో తేల్చుకోవచ్చు. ఉప్‌దాల్ కొండల్లో తాతయ్య కట్టిన చెక్క ఇల్లు మాకుంది, కరెంటు లేదు, నెట్ లేదు, కారు ఆపి నాలుగు కిలోమీటర్లు మంచులో స్కీల మీద జారుతూ పోవాలి. అక్కడికి ఏటా వెళ్ళేవాళ్ళం. అమ్మ వెళ్ళిపోయాక నిరుటి ఈస్టర్‌కి మాత్రం నాన్న రోడ్డు బాగాలేదన్నాడు, ఊళ్ళోనే ఉండిపోయాం.

"ఈ ఏడు కూడా వద్దులే, పొగగొట్టం చూడాలి" అన్నాడు.

"నేను చూస్తాను."

"నీకేం తెలుసు పొగగొట్టం గురించి?"

"చదివి తెలుసుకుంటా" అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

అమ్మ జ్ఞాపకాలు మీద పడతాయని భయపడుతున్నాడనుకున్నాను. నిజానికి ఆ కొండిల్లంటే సిగ్నెకీ అమ్మకీ మధ్య నడిచిన వ్యవహారమే. ప్రతి ఈస్టర్‌కీ వాళ్ళిద్దరూ ఒక హత్య కథ మొదలుపెట్టేవాళ్ళు, పొయ్యి పక్కన ఒకే దుప్పట్లో, ఒక అధ్యాయం అమ్మ, ఒక అధ్యాయం సిగ్నె, గట్టిగా చదువుకుంటూ. సిగ్నెకి పన్నెండేళ్ళొచ్చాక కూడా మానలేదు. ఆ ఏడు నేనే ఎగతాళి చేశాను, ఇంకా పాపాయివా, అమ్మ చదివి పెట్టాలా అని. ఇప్పుడు తల్లిదండ్రులకి అదే సలహా నోట్లో పెట్టి తినిపిస్తున్నాను చూడండి. ఆ పుస్తకం సగంలో ఉండగా సెలవులైపోయాయి. కొండింట్లో ఉన్న పుస్తకాలు కిందికి తీసుకెళ్ళకూడదన్నది ఇంటి పద్ధతి, మిగతాది వచ్చే ఈస్టర్‌కి అనుకున్నారు. వచ్చే ఈస్టర్‌కి అమ్మ లేదు. ఆగస్టులో వెళ్ళిపోయింది, బోడో ఆస్పత్రిలో ఉద్యోగం అన్నారు, ఉద్యోగంతో పాటు ఒకాయన కూడా ఉన్నాడు. సిగ్నె తన ఫోన్లో అమ్మ నంబరుని బ్లాక్ చేసేసింది, ఉత్తరాలొస్తే తెరవకుండా తిప్పి పంపింది. కొన్నాళ్ళకి ఉత్తరాలు రావడం కూడా ఆగిపోయింది.

నేను వదల్లేదు, ఈస్టర్ వారం మంగళవారం మధ్యాహ్నానికి చేరాం. నా వీపు సంచిలో తొమ్మిది పుస్తకాలు, ఒకటి బొమ్మలది, ఒకటి ఫుట్‌బాల్ మీద, రెండు పూర్తిగా శవాలతో నిండినవి. మా కొండింట్లో అడుగుపెట్టగానే ఒక ఆనవాయితీ ఉంది, పొయ్యి వెలిగించకముందే, కోట్లు విప్పకముందే, కొండింటి పుస్తకం తీసి కిందటిసారి వచ్చినవాళ్ళు చివర రాసింది ఒకరు పైకి చదవాలి. ఇక్కడ ప్రతి కొండింట్లోనూ అలాంటి పుస్తకం ఉంటుంది. ఎవరొచ్చారు, గాలి ఎటు, చలి ఎంత, ఏం తిన్నారు, ఎలక ఏం కొరికింది, అన్నీ రాసి వెళ్ళాలి. మాది తాతయ్య మొదలుపెట్టింది, మొదటి పేజీలోనే పెన్సిల్‌తో, ఇందులో రాసింది చెరపకూడదు, పేజీ చింపకూడదు అని ఉంటుంది.

"పుస్తకం ఏది?" అన్నాను.

"ముందు పొయ్యి" అన్నాడు నాన్న. "పిల్ల చేతులు చూడు, నీలంగా అయిపోయాయి."

సిగ్నె తన చేతులు చూసుకుంది. అవి మామూలుగానే ఉన్నాయి. అయినా వెళ్ళి కట్టెలందించింది, పుస్తకం సంగతి అక్కడితో మరుగున పడింది. ఫోన్లు రొట్టెల డబ్బాలో పెట్టాలన్నాను, పెట్టేసింది, దాని మొహంలో కోపమైనా ఉంటే బాగుండనిపించింది.

బుధవారం నా ప్రాజెక్టు ఘోరంగా నడిచింది. పుస్తకాలు బల్ల మీద పరిచాను, తెచ్చినట్టు కాకుండా అవే అక్కడ ఉన్నట్టు పరిచాను, చదివిన చోట పెట్టుకోవడానికి పాల డబ్బా అట్టముక్కలు కూడా కత్తిరించి పెట్టాను. సిగ్నె బెంచీ మీద పడుకుని పైకప్పు చూస్తోంది.

"ఇది చూడు, మొదటి పేజీలోనే ఇద్దరు చచ్చిపోతారు."

"మంచిది. త్వరగా అయిపోయింది వాళ్ళ పని."

"పోనీ బొమ్మలది?"

"అక్కా, నువ్వు మాట్లాడుతుంటే ఆస్పత్రిలో పంచే కరపత్రం మాట్లాడుతున్నట్టుంది."

"ఏ కరపత్రం?"

"మీ ఇంట్లో చదవని పిల్ల ఉందా, భయపడకండి, ఈ ఏడు పనులు చెయ్యండి."

నాన్న నవ్వాపుకోవడానికి నారింజ పండు నోట్లో కుక్కుకున్నాడు. నేనూ నవ్వేశాను, సిగ్నె మాత్రం నవ్వలేదు. కాసేపటికి, పైకప్పు వైపే చూస్తూ, "చదవడం మొదలుపెడితే మధ్యలో వదిలేసి పోయేవాళ్ళు ఎక్కువ" అంది. నాన్న లేచి కట్టెలకి బయటికి వెళ్ళిపోయాడు, కట్టెల పెట్టె అప్పటికే నిండుగా ఉంది. ఇదంతా అమ్మ గురించేనని నాకు తెలుసు. ఈ పిల్ల మళ్ళీ ఒక పుస్తకం తెరవాలంటే ముందు అమ్మ తనని మర్చిపోలేదని నమ్మాలి, ఆ పని మాత్రం నా సంచిలో ఉన్న తొమ్మిది పుస్తకాల్లో ఒక్కదాని వల్లా కాదు. కానీ ఆ మాట నాన్న ముందు ఎత్తను. క్రిస్మస్‌కి అమ్మతో ఫోన్లో మాట్లాడినప్పుడు సిగ్నెకి ఏమైనా రాయమ్మా అంటే, "రాశాను మారెన్. తను జవాబు చెప్పేసింది. ఇంక నేను అడగకూడదు" అంది. ఏం జవాబు అని అడగాల్సింది. నాకు అవతల పరీక్షలున్నాయి, అడగలేదు.

గురువారం పొద్దున నాన్న బకెట్లు పట్టుకుని వాగుకి వెళ్ళాడు. మంచు పగలగొట్టి నీళ్ళు తేవడానికి గంట పైనే పడుతుంది. సిగ్నె కిటికీ దగ్గర కూర్చుంది. నేను టీ కోసం పొయ్యి మీద కెటిల్ పెట్టి, చక్కెర డబ్బా వెతుకుతూ అలమార పైన చెయ్యి పెడితే, మడతపెట్టిన బల్లగుడ్డల కింద గట్టిగా ఏదో తగిలింది. లాగితే కొండింటి పుస్తకం. దాని చోటు తలుపు పక్క మేకు, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, అలమార పైకి ఎందుకెక్కిందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా బుర్రలో దీపం వెలిగింది. ఏం చదివినా చదువే కదా, ఇంతకన్నా మంచి పుస్తకం ఎక్కడ దొరుకుతుంది, దానిది, దాని గురించి, దాని చేతిరాత కూడా ఉన్నది. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

ఏమీ అనకుండా సిగ్నె పక్కన బెంచీ మీద పెట్టి, వెనక్కి తిరిగి కప్పులు తుడవడం మొదలుపెట్టాను. నాలుగు కప్పులయ్యాయి. తర్వాత పేజీ తిప్పిన చప్పుడు.

"అక్కా."

"ఊఁ."

"నాన్న మరుగుదొడ్డి మెట్ల మీద పడ్డ సంగతి నీకు గుర్తుందా?"

"ఎప్పుడు?"

"నాకు ఆరేళ్ళప్పుడు. విను, నేనే రాశాను. 'ఈరోజు నాన్న పడ్డాడు. నాన్న చెడ్డ మాట అన్నాడు. అమ్మ ఆ మాట రాయొద్దంది. నేను రాయలేదు కానీ అది పంది గురించి.'"

నేను తుడుస్తున్న కప్పు కింద పెట్టేశాను. అది నవ్వుతోంది, నోరు మూసుకుని ముక్కుతో, చిన్నప్పటి నవ్వు. వచ్చి పక్కన కూర్చున్నాను, ఒకటి అది చదివింది, ఒకటి నేను చదివాను, ఎలకలూ తుఫానులూ మాడిపోయిన అట్లూ, అమ్మ ఆకుపచ్చ పెన్నుతో రాసిన పొడుగు వాక్యాలూ, నాన్న రాసిన రెండేసి మాటలూ, గాలి, చలి, అంతే. నలభై నిమిషాలు చదివింది. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను, బెర్గెన్ వెళ్ళి ప్రాజెక్టులో రాసుకోవచ్చని. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తలుపు తెరుచుకుంది. నాన్న రెండు బకెట్లతో గుమ్మంలో నిలబడ్డాడు. సిగ్నె ఒళ్ళో పుస్తకం చూశాడు. బకెట్లు దించలేదు.

"అది ఎక్కడ దొరికింది?"

"అలమార మీద" అన్నాను సంతోషంగా. "నాన్నా, నువ్వు పంది పేరు పెట్టి ఏదో తిట్టావట."

"పెట్టేయండి దాన్ని. పాతది, పేజీలు ఊడిపోతాయి."

"ఊడవు" అంది సిగ్నె. ఒక పేజీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని రుద్దుతోంది. "ఇదొకటి ఏంటి ఇంత మందంగా ఉంది?"

"తేమ" అన్నాడు నాన్న.

"మిగతావి బాగానే ఉన్నాయిగా."

"ఎలకలు."

సిగ్నె ఆ పేజీకి ఇటువైపు చదివింది, అది అమ్మ వెళ్ళకముందు ఆగస్టులో మేం నలుగురం వచ్చినప్పటిది. తిప్పి అటువైపు చదివింది, నాన్న చేతిరాత, 'అక్టోబరు 20. కిటికీలు మూశాను. మంచు పడేలా ఉంది.' ఆ తర్వాత అంతా ఖాళీ. పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నేనూ చూశాను. రెండు పేజీల మధ్యలో, కాగితం లోపల్నుంచి, ఆకుపచ్చ గీతలు అద్దంలోలా తిరగబడి, అడ్డదిడ్డంగా కనబడుతున్నాయి.

నాన్న అప్పుడు బకెట్లు దించాడు. నీళ్ళు నేల మీద ఒలికాయి.

"సిగ్నె. వద్దమ్మా."

"దేంతో అతికించావు?"

నాన్న చేతితొడుగులు విప్పసాగాడు.

"దేంతో అని అడుగుతున్నా."

"మైదాపిండి" అన్నాడు. "అట్లకి తెచ్చింది ఉంటే ఉడకబెట్టాను."

కెటిల్ అప్పటికే కూస్తోంది, నేను దించడం మర్చిపోయాను. సిగ్నె పుస్తకం పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఆ జంట పేజీని కెటిల్ మూతి ముందు ఆవిరికి పట్టింది. నాన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు, చెయ్యి చాపితే లాక్కోవచ్చు. చాపలేదు. నేను ఆపాలో వద్దో తెలియక గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. అది మూలల నుంచి మెల్లగా, ఓపిగ్గా, ఒక్క నూలు పోగంత కూడా చిరక్కుండా విడదీసింది. వేళ్ళు కాలుతుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ పట్టుకుంది.

తర్వాత నిలబడే చదివింది. పెదాలు కదులుతున్నాయి. రెండు పేజీలూ అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివింది. అయ్యాక పుస్తకం నాన్న ముందు పెట్టింది.

"నువ్వు చదువు. పైకి."

"సిగ్నె..."

"అక్క వినలేదు. పైకి చదువు."

నాన్న కోటు కూడా విప్పకుండా బెంచీ మీద కూర్చుని చదివాడు. తడిసిన కాగితం ముడుచుకోకుండా వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు.

"అక్టోబరు నాలుగు. పొగమంచు, ఆరు డిగ్రీలు. ఒక్కదాన్నే వచ్చాను, తాళంచెవి ఎప్పటి చోటే ఉంది. పొయ్యి పొగ వెనక్కి కొడుతోంది, యోస్టైన్, పొగగొట్టం ఒకసారి చూడు." అక్కడ ఆగాడు.

"కిందికి చదువు" అంది సిగ్నె.

"సిగ్నె, నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, ఉత్తరాలు తిరిగొస్తున్నాయి. ఇక్కడికొస్తే మాత్రం అన్నిటికన్నా ముందు ఈ పుస్తకమే తీస్తావు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. నేను మీ నాన్న దగ్గర్నుంచి వెళ్ళాను, నీ దగ్గర్నుంచి కాదు. అది నీకు ఇప్పుడు ఒకేలా కనిపిస్తుందని తెలుసు. మన పుస్తకం పెట్టెలో ఉంది, పన్నెండో అధ్యాయం దగ్గర ఆగాం. నేను ముందుకి చదవలేదు, చదవను. నీకిష్టమైతే ఈస్టర్‌కి ఒక్క పూట వస్తాను, మిగతాది చదువుకుని వెళ్ళిపోతాను. సరేనంటే ఒక్క మాట ఫోన్ చెయ్యి. నువ్వు ఏమీ చెప్పకపోతే వద్దన్నావని అనుకుంటాను, మళ్ళీ అడగను, నిన్ను విసిగించను. అది నీ ఇష్టం. అమ్మ."

కెటిల్‌లో నీళ్ళు అయిపోయి అడుగు చిటపటలాడుతోంటే దించాను. క్రిస్మస్‌కి అమ్మ అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది. ఇద్దరూ ఏడాదిన్నరగా చెరోచోట కూర్చుని, అవతలి మనిషి తనని వద్దనుకుందనే అనుకుంటున్నారు.

"ఎందుకు?" అంది సిగ్నె. అరవలేదు, అరిస్తే తేలిగ్గా ఉండేది.

నాన్న అరచేతుల్ని మోకాళ్ళకి తుడుచుకున్నాడు. "కిటికీలు మూయడానికి వచ్చాను. తీసి చదివాను. నువ్వప్పుడే కాస్త నిద్రపోవడం మొదలుపెట్టావు. రెండు నెలలు రోజూ ఏడ్చావు. ఇది చూస్తే మళ్ళీ మొదలవుతుందనుకున్నా. ఓ వారం ఆగి చూపిద్దామనుకున్నా. వారం అయ్యాక నెల ఆగుదామనుకున్నా. నెల అయ్యాక ఇంక ఎలా చూపించాలో తెలియలేదు." ఆగి, నా వైపు చూశాడు. "నువ్వు కూడా అన్నావు మారెన్. ఫోన్లో. కొన్నాళ్ళు దాని దగ్గర అమ్మ మాట ఎత్తొద్దని."

అన్నాను. నిజమే. ఏదో వ్యాసంలో చదివి అన్నాను.

"అక్క మీద పెట్టకు" అంది సిగ్నె.

"పెట్టడంలేదు. నాకు బోడో భయం పట్టుకుంది. నువ్వు కూడా బోడో వెళ్ళిపోతావేమో అనుకున్నా. అదీ అసలు సంగతి."

"అలాంటప్పుడు చింపేయాల్సింది. పొయ్యిలో వేసేస్తే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

నాన్న ఆశ్చర్యంగా తలెత్తాడు, నిజంగానే ఆ ఆలోచన తనకి రానట్టు. "కొండింటి పుస్తకంలోంచి పేజీ ఎలా చింపుతానే" అన్నాడు.

ఆ మాటకి సిగ్నె మొహం మొదటిసారి చెదిరింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, దానికీ తెలిసినట్టు లేదు. రొట్టెల డబ్బా మూత తీసింది, తన ఫోన్ తీసుకుంది, బూట్లు తొడుక్కుంది. మాట్లాడేంత సిగ్నల్ దొరికేది మరుగుదొడ్డి వెనక దిబ్బ మీద, ఎక్కడానికి పది నిమిషాలు. నేను వెంట వెళ్ళబోతే "కూర్చో" అంది, కూర్చున్నాను.

కిటికీలోంచి కనబడుతోంది, మోకాలి లోతు మంచులో ఎక్కుతోంది, దిబ్బ మీద ఆగింది, ఫోన్ చెవికి పెట్టుకుంది, దించింది, మళ్ళీ పెట్టుకుంది. చాలాసేపు నిలబడింది. ఈ పండక్కి బోడోలో ఆస్పత్రులు సెలవివ్వవు, అమ్మ డ్యూటీలో ఉంటే ఫోన్ లాకర్లో ఉంటుంది. ఆ మాట పైకి అనాలనుకుని అనలేదు, నా సలహాలు ఆ రోజుకి చాలనిపించింది. నాన్న కిటికీ వైపు చూడలేదు. నేల మీద ఒలికిన నీళ్ళు గుడ్డతో ఒత్తుకుంటూ కూర్చున్నాడు, ఆరిపోయిన చోట కూడా ఒత్తుతున్నాడు.

తిరిగొచ్చాక సిగ్నె బూట్లు విదిలించుకుని, "ఎత్తలేదు" అంది. "బ్లాక్ తీసేశాను. వాయిస్ మెసేజ్ పెట్టాను."

"ఏమని?" అన్నాను.

"నువ్వు రాసింది ఇవాళ చదివానని. అప్పుడు కాదు, ఇవాళ అని."

అంతే చెప్పిందట. పుస్తకం బల్ల మీదే తెరిచి ఉంది, పేజీలు ఆరుతూ అలల్లా ముడుచుకుంటున్నాయి. మా ఇంట్లో ఆ రోజు సంగతులు ముందు రాసే వంతు అందరికన్నా చిన్నవాళ్ళది, అంటే సిగ్నెది. అది పెన్సిల్ తీసుకుని, కాసేపు పట్టుకుని, నాన్న ముందుకి తోసింది.

"నేను రాయను. నువ్వు రాయి."

"ఏం రాయను?"

"జరిగింది. గాలి, చలి మాత్రమే కాదు."

నాన్న రాశాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను, బస్సు ఇంజన్ విప్పేటప్పుడు కూడా అంత నెమ్మదిగా ఉండడు. అయ్యాక సిగ్నె తన వైపు తిప్పుకుని చదివింది. నన్నూ చదవమంది. 'గురువారం. వాయవ్యం గాలి, సున్నాకి నాలుగు తక్కువ. సీసెల్ సిగ్నెకి రాసిన రెండు పేజీలు నేను అతికించాను. సిగ్నె విడదీసింది. తప్పు నాది. యోస్టైన్.'

"సరే" అంది సిగ్నె. క్షమించినట్టు కాదు. వాక్యం సరిగ్గా ఉందన్నట్టు.

భోజనంలో ఎవరూ పెద్దగా తినలేదు. నాన్న తన ప్లేటు కడిగి, సిగ్నె ప్లేటు కూడా కడుగుతానని చెయ్యి చాపితే, అది తనే కడుక్కుంది. తర్వాత మంచం కింది పెట్టె లాగి, దుప్పట్లు తీసి, అడుగు నుంచి ఆ హత్య కథ పట్టుకొచ్చింది. లావుపాటి అట్ట, పన్నెండో అధ్యాయం దగ్గర పాల డబ్బా ముక్క, దాని మీద సగం హత్య, సగం ఆవు. పొయ్యి పక్కన కూర్చుని ఆ చోటుకి తెరిచింది. ఇన్ని నెలల తర్వాత, నాకు కావాల్సింది ఇదే, దీని కోసమే ఉత్తరాలూ ఫోన్లూ కరపత్రాలూ, ఇంతదూరం తొమ్మిది పుస్తకాలు మోసుకొచ్చిందీ.

అది పాల డబ్బా ముక్కని తీసి, చూసి, ఉన్నచోటే మళ్ళీ పెట్టి, పుస్తకం మూసేసింది.

"చదవవా?" అన్నాడు నాన్న. ఆ మాట అన్నాక అనకుండా ఉండాల్సిందన్నట్టు నోరు మూసుకున్నాడు.

"అమ్మ ముందుకి చదవనంది కదా" అంది సిగ్నె. "తను చదవకుండా ఆగిందో లేదో నాకింకా తెలీదు. తెలిసేదాకా నేనూ ఆగుతా."

పుస్తకాన్ని తన వీపు సంచిలో పెట్టుకుంది. కొండింట్లో ఉన్న పుస్తకాలు కిందికి తీసుకెళ్ళకూడదు. నాన్న చూసి, పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు. నేను పరిచిన తొమ్మిదీ ఒక్కొక్కటే తీసి నా సంచిలో పెట్టుకున్నాను.

ఫోన్ మాత్రం అది రొట్టెల డబ్బాలో పెట్టలేదు. కిటికీ గట్టు మీద, గాలి బాగుంటే ఒక్క గీత సిగ్నల్ వచ్చిపోయే మూలలో, స్క్రీన్ పైకి కనబడేట్టు పెట్టింది. వెలుతురు ఇంకా బోలెడుంది. ముగ్గురం ఆ గదిలోనే కూర్చున్నాం, ఎవరూ దాని వైపు చూడకుండా.